తేలే చెక్క, మునిగే చెక్క

కొండపల్లి బొమ్మను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లు దాన్ని ఒకసారి వేలితో కొట్టి చూస్తారు. ఇంత బొమ్మ ఇంత తేలికేమిటి, లోపల డొల్లేమోనని అనుమానం. నిజానికది నిండు చెక్కే. తెల్ల పొణికి అనే చెట్టు కొయ్య. నిర్మల్ బొమ్మలకూ పొణికే ఆధారం. ముక్క కోసి నీటిలో వేస్తే సగానికి పైగా నీటి పైనే ఉండి తేలిపోతుంది. పొణికి పెరిగేలాంటి పొడి కొండల్లోనే, శేషాచలం, వెలికొండల్లో, ఎర్రచందనమూ పెరుగుతుంది. దాని చేవ ముక్కను అదే నీటిలో వేస్తే తిన్నగా అడుక్కి పోతుంది.

రెండు చెట్లూ ఎండకు ఎండి, అరకొర వానలకు తడిసి పెరిగినవే. రెంటి చెక్కా తయారైంది సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే అవే పదార్థాలతో. మరి ఒకటి తేలడం, ఇంకొకటి మునగడం ఎందుకు? ఒకటి తేలిక, ఒకటి బరువు అని చాలామంది జవాబు చెబుతారు. అది ప్రశ్ననే తిప్పి చెప్పడం. అసలు జవాబు కాస్త వింతగా ఉంటుంది. ప్రపంచంలో ఏ చెట్టు చెక్కా తేలదు. తేలేది చెక్కలో దాక్కున్న గాలి.

నీటితో తూకం

తేలడం, మునగడం వెనక ఉన్న సూత్రం చాలా పాతది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో సిసిలీ దీవిలోని సిరక్యూస్ నగరంలో ఉన్న ఆర్కిమెడిస్ తేలే వస్తువుల మీద ఒక గ్రంథమే రాశాడు. ద్రవంలో దిగిన వస్తువు కొంత ద్రవాన్ని పక్కకు నెడుతుంది. అలా నెట్టిన ద్రవం బరువెంతో, అంత బలం ఆ వస్తువును పైకి తోస్తుంది. దీన్నే ఉత్ప్లవన బలం అంటారు. నిండా మునిగినా తన బరువుకు సరిపడా నీటిని నెట్టలేని వస్తువు అడుక్కి పోతుంది. నెట్టగలిగింది తేలుతుంది.

ఘనమీటరు మంచినీళ్లు 1,000 కిలోలు తూగుతాయి. అందువల్ల ఘనమీటరు చెక్క అంతకన్నా తక్కువ తూగితే తేలుతుంది, ఎక్కువ తూగితే మునుగుతుంది. దక్షిణ అమెరికాలో పెరిగే బాల్సా చెక్క ఆరాక సుమారు 160 కిలోలు. అందులోనే 100 దగ్గర ఉండేదీ ఉంది, 200 దాటేదీ ఉంది. ఆరిన టేకు 650 ప్రాంతం. నాగళ్లకూ బండి చక్రాలకూ వాడిన నల్లతుమ్మ ఇంకా బరువు. సముద్రతీరం వెంట తోటలుగా పెంచే సరుగుడు నీటి బరువుకు బాగా దగ్గరకు వస్తుంది. ఎబొనీ చెక్క సరిగ్గా గీత మీద నిలబడ్డ బాపతు, ఒక ముక్క తేలితే ఇంకో ముక్క మునుగుతుంది. ఎర్రచందనం చేవ 1,000 దాటుతుంది. కరీబియన్ దీవుల్లో పెరిగే లిగ్నమ్ వైటీ 1,200 నుంచి 1,300 వరకూ పోతుంది.

ఈ అంకెల్లో ఇంకో సౌకర్యం ఉంది. తేలే చెక్కలో ఎంత వంతు నీటిలో మునిగి ఉంటుందో కూడా అవే చెబుతాయి. 650 కిలోల టేకు దూలంలో నూటికి 65 పాళ్లు నీటి కింద, 35 పాళ్లు పైన ఉంటాయి. బాల్సా దుంగలో నీటి కింద ఉండేది 16 పాళ్లే. తెప్ప కట్టేవాడికి ఆ మిగతా 84 పాళ్లే కావాలి. మనుషులనూ సరుకునూ మోసేది ఆ మిగులే.

ఇవన్నీ సగటు లెక్కలని మాత్రం మరిచిపోకూడదు. ఒకే చెట్టులో చేవ ఒక బరువు, చేవ చుట్టూ ఉండే లేత చెక్క ఇంకో బరువు. ఒకే జాతి చెట్టు నీరున్న చోట ఒకలా, రాళ్లగుట్ట మీద ఒకలా పెరుగుతుంది. వడ్రంగులు అంకెలు చూడరు. ముక్కను చేత్తో ఎత్తి, గోరుతో నొక్కి తేల్చేస్తారు, ఆ తీర్పు తప్పేది తక్కువ.

ఒకే ఇటుక, వేరే ఇళ్లు

చెక్కలో ఉన్న ఖాళీలన్నీ పోగా మిగిలిన గట్టి పదార్థాన్ని మాత్రమే తూచగలిగితే ఏం తేలుతుంది? బాల్సా అయినా, టేకు అయినా, ఎర్రచందనమైనా ఘనమీటరుకు దాదాపు 1,500 కిలోలే. అంటే నీటికి ఒకటిన్నర రెట్లు. కణాల గోడలు కట్టిన పదార్థం అన్ని చెట్లలో ఇంచుమించు ఒకటే కావడం దీనికి కారణం. గాలిని తీసేస్తే అతి తేలికైన బాల్సా కూడా గులకరాయి వెంట అడుక్కి పోవలసిందే.

ఇది తెలిశాక తేడా ఎక్కడుందో కనిపెట్టడం కష్టం కాదు. రెండు ఇళ్లు ఒకే ఇటుకతో కట్టారనుకుందాం. ఒకరు పలచని గోడలు లేపి విశాలమైన గదులు వదిలారు. ఇంకొకరు కోటగోడలు కట్టి లోపల ఎలుక దూరే సందు మాత్రం వదిలారు. బాల్సా మొదటి రకం ఇల్లు, లిగ్నమ్ వైటీ రెండోది. 160ని 1,500తో భాగిస్తే నూటికి 11 వస్తుంది. బాల్సా దుంగలో చెక్క అనదగ్గది పదో వంతు కన్నా కాస్త ఎక్కువ, మిగతాదంతా ఖాళీ గదులు. టేకులో గట్టి పదార్థం 43 పాళ్లు. లిగ్నమ్ వైటీలో 80 పాళ్లు దాటుతుంది. చెక్కలో ఎప్పుడూ కొంత తేమ ఉంటుంది కనుక ఇవి ఉజ్జాయింపు లెక్కలే. అయినా చిత్రం మారదు.

సూక్ష్మదర్శిని కింద చూస్తే ఈ గదులు కనిపిస్తాయి. పైన్, దేవదారు వంటి చెట్ల చెక్కలో దాదాపు అంతా పొడవాటి సన్నని దారుకణాలే, అవే నీటిని మోస్తాయి, అవే చెట్టును నిలబెడతాయి. టేకు, తుమ్మ, మామిడి వంటి వెడల్పాకు చెట్లలో పని పంచుకోవడం ఉంది. నీటిని మోయడానికి వెడల్పైన దారునాళాలు, బలానికి మందపాటి గోడల దారునారలు. చెక్క బరువును ఎక్కువగా నిర్ణయించేది ఈ నారల గోడ మందమే. వృక్షశాస్త్రం మొదటి గుంపును మృదుదారువు అనీ, రెండో గుంపును కఠినదారువు అనీ పిలుస్తుంది. ఈ పేర్లను నమ్ముకుంటే నవ్వులపాలే. గోరుతో నొక్కితే సొట్టపడే బాల్సా ఈ లెక్కలో కఠినదారువు!

ఇంత ఖాళీ వదలడం, వదలకపోవడం చెట్టు బతుకుతెరువును బట్టి ఉంటుంది. దక్షిణ అమెరికా అడవుల్లో ఏదైనా పెద్ద చెట్టు కూలి వెలుగు పడిన చోట బాల్సా మొలుస్తుంది. పక్కవాళ్లు కమ్మేసేలోగా ఎదగాలి. అందుకని తక్కువ సరుకుతో ఎక్కువ ఎత్తు కడుతుంది. కొద్ది సంవత్సరాల్లోనే ఎత్తైన చెట్టయి, ఎంతో కాలం బతకకుండానే పోతుంది. లిగ్నమ్ వైటీది దీనికి పూర్తిగా విరుద్ధమైన తీరు. ఏడాదికి ఇంత అని కొలవడానికి కూడా విసుగొచ్చేంత నిదానంగా పెరుగుతుంది. ఎర్రచందనమూ ఆ తోవదే. తెలుగు రైతులకు ఈ సంగతి కొత్త కాదు. త్వరగా పెరిగిన చెట్టుకు చేవ ఉండదని అంటారు.

ఆ చేవ అనే మాటను కాస్త ఆగి చూడాలి. చెట్టు వయసు పెరిగేకొద్దీ లోపలి పొరల్లో కణాలు నీరు మోయడం మానేస్తాయి. అప్పుడు చెట్టు వాటిలో బంకలు, రంగులు, నూనెలు, జిగుర్లు నింపుతుంది. ఎర్రచందనానికి రంగు, టేకుకు చెదలను తట్టుకునే గుణం ఇలా వచ్చినవే. ఈ సరుకు గాలి ఉండాల్సిన చోటును కొంత ఆక్రమిస్తుంది, దానితో బరువు పెరుగుతుంది. కొన్ని చెట్లు దారునాళాలకు లోపలి నుంచే బిరడాలు పెట్టుకుంటాయి. అమెరికాలో పెరిగే తెల్ల ఓక్‌కు అలాంటి బిరడాలు ఉన్నాయి, ఎర్ర ఓక్‌కు లేవు. ఎర్ర ఓక్ ముక్కను నీటిలో పెట్టి పై కొస నుంచి ఊదితే కింద బుడగలు వస్తాయి. పీపాలు చేసేవాళ్లు తెల్ల ఓక్‌నే ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఈ నింపుడు వ్యవహారంలో అగరుది విచిత్రమైన కథ. అగరు చెట్టు చెక్క సహజంగా తేలికైనది, నీటిలో హాయిగా తేలుతుంది. గాయం తగిలి బూజు సోకినప్పుడు మాత్రం చెట్టు ఆ చోట నల్లని సుగంధపు జిగురును కూరుతుంది. జిగురు బాగా పట్టిన ముక్క మునుగుతుంది. చైనా భాషలో ఈ సరుకు పేరుకు 'మునిగే సుగంధం' అని అర్థం, జపాన్‌లోనూ అదే పేరు. నీటిలో ఎంత త్వరగా మునిగితే అంత మేలురకం. ఇటు సంస్కృతంలో దాని పేరు అగురు. గురువు కానిది, అంటే బరువు లేనిది అని. తెలుగువారి ఇళ్లలో రోజూ వెలిగే అగరొత్తి పేరులో ఉన్నది ఈ అగురే. ఒకే చెట్టుకు ఒక నాగరికత తేలేదని పేరు పెడితే, మరొకటి మునిగేదని పెట్టింది. రెండూ నిజమే. ఒకరు చెట్టును చూసి ఉంటారు, ఒకరు సరుకును.

మునుగుడును నాణ్యతకు గుర్తుగా చూడటం ఎర్రచందనం విషయంలోనూ ఉంది. చైనాలో పాతకాలపు విలువైన సామాను చేసిన జీతాన్ చెక్కకు మునగడం ఒక ఆనవాలుగా చెబుతారు. ఆ జీతాన్ మన ఎర్రచందనమే. జపాన్ సంగీత వాద్యం షామిసెన్‌లో మేలురకం వాటి మెడ కూడా ఈ చెక్కతో చేస్తారు. ఎర్రచందనం 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షల జాబితాలో ఉంది. శేషాచలం ఎర్రచందనం దొంగరవాణా గురించి పత్రికల్లో వచ్చే వార్తలకు మూలం, మిగతా కారణాలతోపాటు, ఈ సాంద్రత కూడా.

ఎబొనీ రేకు చేసిన గొడవ

1611లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో పండితుల మధ్య ఒక వాదం రేగింది. మంచుగడ్డ నీటిపై ఎందుకు తేలుతుందన్నది మొదలు. అరిస్టాటిల్ పక్షంవారు అది వెడల్పుగా, పలకలా ఉండటం వల్ల అన్నారు. గెలీలియో ఆకారానికి దీనితో సంబంధం లేదు, నీటికన్నా తేలిక కనుక తేలుతుంది అన్నాడు. ఎదుటి పక్షం నుంచి లుడోవికో డెల్లే కొలోంబే అనే ఆయన ఒక తిరుగులేని సాక్ష్యం తెచ్చాడు. ఎబొనీతో చేసిన గుండును నీటిలో వేశాడు, మునిగింది. అదే ఎబొనీ నుంచి తీసిన పలచని రేకును నీటి మీద పరిచాడు, తేలింది. చెక్క ఒకటే, మారింది ఆకారమే. ఊళ్లో జనం ముందు చేసి చూపిస్తే ఎవరైనా ఏమంటారు?

గెలీలియో వెనక్కి తగ్గలేదు. రేకును దగ్గర నుంచి చూడమన్నాడు. అది నీటి మట్టం మీద లేదు, మట్టానికి కాస్త దిగువన, నీటిలో ఏర్పడ్డ చిన్న గుంటలో కూర్చుని ఉంది. గుంట అంచులు దాని చుట్టూ గట్టులా నిలిచాయి. అంటే నీటిని నెడుతున్నది రేకు ఒక్కటే కాదు, రేకూ దానిపైనున్న గాలీ కలిసి. రేకును ముందే తడిపి వేస్తే మునిగిపోతుంది. తస్కనీ పాలకుడు రెండో కొసిమో ఇంటి విందులో కూడా ఈ చర్చ నడిచింది. కార్డినల్ మఫెయో బర్బెరీనీ ఆనాడు గెలీలియో వైపు మాట్లాడాడు. తర్వాత ఎనిమిదో అర్బన్ పేరుతో పోప్ అయి, గెలీలియోను విచారణకు నిలబెట్టింది కూడా ఆయన హయాంలోనే. తేలే వస్తువులపై గెలీలియో పుస్తకం 1612లో వెలువడింది.

నీటి ఉపరితలం ఆ గుంటను చీలిపోకుండా ఎలా పట్టి ఉంచిందన్నది గెలీలియోకు పూర్తిగా అందలేదు. దానికి తలతన్యత అన్న భావన రావాలి. నీటి పైపొర సాగదీసిన తోలులా ప్రవర్తించడం, సూదిని నెమ్మదిగా పడుకోబెడితే తేలడం ఇప్పుడు బడిపిల్లలకు తెలిసిన సంగతులు.

ఆకారానికి అసలు పనే లేదా అంటే, ఉంది. కొల్లేరులో తిరిగే తాటి దోనెను చూస్తే తెలుస్తుంది. తాటి మానులో బయటి వైపు ఇనుములాంటి నార, లోపల మెత్తటి గుజ్జు. టేకులో చేవ లోపల ఉంటే తాటిలో గట్టిదనం బయట ఉంటుంది. దోనె చేసేవాళ్లు లోపలి తేలిక భాగాన్ని తొలిచి పారేసి, బరువైన భాగాన్నే ఉంచుకుంటారు. పైపైన చూస్తే తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది. గుజ్జు చోటును గాలి తీసుకుంటుంది, నీరు రాకుండా గట్టి గోడ కాపలా కాస్తుంది. ఇనుప ఓడ తేలడం వెనకా ఉన్న కిటుకు ఇదే.

నీరు కాక వేరే ద్రవమైతే

మునగడం చెక్క ఒక్కదాని గుణం కాదు, చెక్కకూ ద్రవానికీ మధ్య బేరం. సముద్రపు నీరు ఘనమీటరుకు సుమారు 1,025 కిలోలు. కనుక మంచినీటిలో వేలాడే దుంగ సముద్రంలో కాస్త లేస్తుంది. నదిలో తేలుతూ వచ్చిన తెప్ప మొగ దాటాక కొంచెం పైకి తేలడం ఊహ కాదు, లెక్కకు అందే మార్పు. మృత సముద్రం నీరు 1,240 ప్రాంతంలో ఉంటుంది, ఎర్రచందనం దుంగ వేసినా మునగదు.

ఇంట్లోనే ఉన్న ద్రవాలతో చూస్తే వరస ఇంకా స్పష్టం. కిరసనాయిలు 800, వంటనూనె 920, గ్లిజరిన్ 1,260, తేనె 1,400 దాటుతుంది. నీటిలో తేలే నల్లతుమ్మ ముక్క కిరసనాయిల్లో మునగొచ్చు. టేకు అందులోనూ తేలుతుంది, అయితే నీటిలో కన్నా బాగా లోతుగా. ఎర్రచందనం నీటిలో మునిగి, గ్లిజరిన్‌లో తేలుతుంది. తేనెలో లిగ్నమ్ వైటీ కూడా తేలుతుంది. 13,600 కిలోల పాదరసం దగ్గరకొస్తే చెక్క ప్రసక్తే లేదు, ఇనుప గుండే దానిమీద తేలుతుంది.

నీరు లోపలికి వచ్చాక

ఇంతవరకూ చెప్పిందంతా చెక్కలో గాలి నిలిచి ఉన్నంత సేపే. నీరు లోపలికి చేరడం మొదలైతే లెక్క రోజురోజుకూ మారుతుంది.

దీన్ని కళ్లారా చూసినవారు తిమింగలాల వేటగాళ్లు. హార్పూన్ దిగిన తిమింగలం తాడుతోపాటు పడవను కూడా లోతుకు లాక్కుపోయేది. ఒక్కోసారి ఆ పడవ తిరిగి చేతికి చిక్కేది, అప్పటికే దాని చెక్క తేలే శక్తిని పోగొట్టుకుని ఉండేది. ఇంగ్లండ్‌లోని విట్బీకి చెందిన వేట నావికుడు విలియం స్కోర్స్‌బీ రకరకాల చెక్క ముక్కలను తాడుకు కట్టి వేల అడుగుల లోతుకు దించి పైకి లాగి చూశాడు. తేలే ముక్కలు మునిగే ముక్కలై వచ్చాయి. 1820లో అచ్చయిన తన ఆర్కిటిక్ గ్రంథంలో ఆ బరువుల లెక్కలు ఇచ్చాడు. 10 మీటర్లు దిగిన ప్రతిసారీ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. 1,000 మీటర్ల దగ్గర అది 100 రెట్లు. చెక్కలో గాలి నూరో వంతుకు కుంచించుకుపోతే ఆ చోటులోకి నీరు దూరుతుంది. చెక్కను తేల్చేది గాలేనని ఇంతకన్నా నిర్మొహమాటంగా నిరూపించే ప్రయోగం మరొకటి లేదు.

ఉపరితలంలో అదే పని నెలలూ ఏళ్లూ పడుతుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. తేమ లేని ఘనమీటరు బాల్సా 150 కిలోలనుకుంటే, అందులో గట్టి పదార్థం 0.1 ఘనమీటరు, ఖాళీ 0.9. మునగాలంటే 850 కిలోల నీరు చేరాలి. ఖాళీలు దాదాపు పూర్తిగా నిండితే గానీ అది మునగదు. అదే 900 కిలోల బరువు చెక్కలో ఖాళీ 0.4 ఘనమీటరు. మునగడానికి 100 కిలోల నీరు చాలు, ఖాళీల్లో నాలుగో వంతు. తడిసినప్పుడు చెక్క ఉబ్బుతుంది, దాన్ని ఇక్కడ వదిలేశాం. అయినా బరువు చెక్క ఎందుకు త్వరగా ఓడిపోతుందో, తేలిక చెక్క ఎందుకు చివరిదాకా పోరాడుతుందో దీనితో తెలుస్తుంది.

పచ్చి చెక్క సంగతి వేరు. అప్పుడే నరికిన మానులో నీరు ముందే నిండి ఉంటుంది. కొన్ని జాతుల్లో ఆ నీటి బరువు ఎండు చెక్క బరువును మించుతుంది. ఆరితే ఎంచక్కా తేలే టేకు, పచ్చిగా నరికితే నదిలో సరిగా తేలదు. బర్మా అడవుల్లో దీనికి పాతకాలపు ఉపాయం ఉండేది. చెట్టు మొదట్లో బెరడూ లేత చెక్కా తెగేలా చుట్టూ గాటు పెట్టేవారు. పైకి నీరు వెళ్లే దారి తెగి, చెట్టు నిలబడ్డ చోటే ఎండిపోయేది. అలా రెండు మూడేళ్లు వదిలేసి, తర్వాత నరికి, ఏనుగులతో వాగుల దాకా లాగించి, వానల్లో వచ్చే వరదకు వదిలేవారు. దుంగలు తెప్పలుగా కూడి ఐరావతీ నది మీదుగా రంగూన్ చేరేవి. అక్కడి రేవుల్లో, మిల్లుల్లో పనిచేసినవారిలో ఎందరో కాకినాడ, విశాఖ తీరాల నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగువారు. అప్పట్లో 'రంగం వెళ్లడం' అంటే అదే. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్లను కోరంగీలని పిలిచేవారు. తెలుగు దేశంలో పాత లోగిళ్ల బర్మా టేకు దూలాలు సగం ప్రయాణం నీటి మీద చేసి వచ్చినవే.

బర్మాలోనే పింకాడో అనే చెట్టుంది. మన కొండతంగేడు దాని జాతే. ఎంత ఎండినా దాని చెక్క నదికి లొంగదు. అందుకని దుంగకు ఇరువైపులా వెదురు మోపులు కట్టి తేల్చేవారు. వెదురులో ప్రతి కణుపు మధ్యా మూతపడ్డ గాలి డబ్బా ఉంటుంది. గోదావరి మీదా వెదురు తెప్పలు భద్రాచలం వైపు నుంచి రాజమహేంద్రవరానికి దిగివచ్చేవి.

ఉత్తర అమెరికాలో ఈ తేలడం, మునగడం అడవుల తలరాతనే మార్చింది. 19వ శతాబ్దంలో మిషిగన్, విస్కాన్సిన్ అడవుల్లో మొదట గొడ్డలి పడింది తెల్ల పైన్ మీద. అది తేలిక, నది దాన్ని ఉచితంగా మోసుకుపోతుంది. పక్కనే ఉన్న మేపుల్, ఓక్ చెట్లు బరువు, దారిలోనే మునిగిపోతాయి. అందుకని రైలు పట్టాలు అడవిలోకి వచ్చేదాకా అవి బతికిపోయాయి. తేలే పైన్‌లోనూ ఎన్నో దుంగలు గమ్యం చేరకుండా సుపీరియర్ సరస్సు అడుక్కి పోయాయి. అక్కడి చలికి అవి కుళ్లలేదు. నూరేళ్ల తర్వాత వాటిని పైకి తీసి ఎండబెట్టి అమ్ముతున్నారు. నిదానంగా పెరిగిన పాతకాలపు చెట్ల దగ్గరి దగ్గరి వలయాలు వాటిలో ఉన్నాయి, అలాంటి చెట్టు ఇప్పుడు దొరకదు.

నీరు పట్టిన చెక్కను ఎండబెట్టడం తమాషా కాదు. 1628లో తొలి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగిన వాసా యుద్ధనౌకను 1961లో పైకి తీశారు. ఓక్ చెక్క కణాల్లో గాలి ఉండాల్సిన చోటంతా నీరే. ఆ నీరు ఆవిరైతే గోడలు కూలి ఓడ ముడుచుకుపోతుంది. అందుకని 17 ఏళ్లపాటు పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే మైనంలాంటి పదార్థాన్ని చల్లి నీటి స్థానంలో నింపారు.

తేలిక చెక్కల్లో పేరుమోసిన బాల్సా కథ కాస్త వేరే. ఆ పేరుకు స్పానిష్‌లో అర్థమే తెప్ప. 1947లో నార్వే దేశస్థుడు థోర్ హెయర్డాల్ తొమ్మిది బాల్సా దుంగలతో కాన్-టికీ అనే తెప్ప కట్టి, ఏప్రిల్ 28న పెరూ దేశపు కయావో రేవు నుంచి బయలుదేరాడు. దారిలోనే దుంగలు నాని మునుగుతాయని నిపుణులు హెచ్చరించారు. 101 రోజుల తర్వాత, దాదాపు 6,900 కిలోమీటర్లు దాటి, ఆగస్టు 7న ఆ తెప్ప పాలినేషియాలోని రరోయా పగడపు దిబ్బను ఢీకొంది. అప్పటికీ అది తేలుతూనే ఉంది. ఎండిన బాల్సా కాకుండా పచ్చి దుంగలు వాడటమే కాపాడిందని, లోపలి రసం సముద్రపు నీటిని అడ్డుకుందని హెయర్డాల్ వివరించాడు. టేకు వాళ్లు చెట్టును ఎండబెట్టి తేల్చితే, ఈయన పచ్చిదనంతోనే తేల్చాడు.

తెలుగు తీరంలో జాలరులు అంత దూరం ఆలోచించరు. రోజూ వేటకు పోయే తెప్ప దుంగలు నానుతాయని వాళ్లకు తెలుసు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలను ఇసుకమీద విడివిడిగా పడేసి ఎండబెడతారు. నీరు పోయి గాలి మళ్లీ చేరాక తిరిగి కడతారు.

చెక్కకు ఒక కొస నాని ఇంకో కొస ఎండి ఉంటే ఏమవుతుంది? అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలోని క్రేటర్ సరస్సులో ఈ ప్రశ్నకు నిలువెత్తు జవాబు తిరుగుతోంది. హెమ్లాక్ చెట్టు మొద్దు ఒకటి, పొడవు 9 మీటర్ల దాకా, నిటారుగా నిలబడి తేలుతోంది. కింది భాగం నీరు పట్టి బరువెక్కింది, నీటి పైనున్న 1.2 మీటర్ల కొస ఎండకు ఆరుతూ తేలికగా ఉంది. భూగర్భ శాస్త్రవేత్త జోసెఫ్ డిల్లర్ 1896లోనే దాన్ని చూశాడు. అక్కడివాళ్లు దాన్ని 'ముసలాయన' అంటారు. 1938లో జులై నుంచి సెప్టెంబరు దాకా దాని జాడ కనిపెట్టి చూస్తే, గాలివాటుకు కనీసం 100 కిలోమీటర్లు తిరిగిందని తేలింది. 1988లో జలాంతర్గామితో సరస్సు అడుగును పరిశీలించడానికి వచ్చినవారు దారికి అడ్డమని మొద్దును ఒక ద్వీపం పక్కన కట్టేశారు. వెంటనే తుఫాను లాంటి వాతావరణం వచ్చిపడిందనీ, కట్టు విప్పాక తెరిపి ఇచ్చిందనీ చెప్పుకుంటారు. అప్పటి నుంచీ దాన్ని కట్టడానికి ఎవరూ సాహసించలేదంటారు.